అపకేంద్రబలము: ఒక పేరు పుట్టుపూర్వోత్తరములు

ఉండి, ఆకివీడు ప్రాంతముల చేపల చెరువులకు నీటి నెక్కించు పంపులలో నొక తెగకు అపకేంద్ర పంపులని పేరు. లోపల రెక్కలచక్రము తిరుగగా నీరు నడుమనుండి యంచునకు బోవును. కేంద్రమునుండి వెలికి ద్రోయు బల మచట గలదని యా పేరు చెప్పుచున్నది. అట్టి బలము నిజముగా గలదా? కలదనియే పెక్కుమంది విద్యార్థులు నేటికిని నమ్ముచుండుటచే నీ పేరి చరిత్రము విచారింపదగి యున్నది.

మన ప్రాచీనులు భ్రమణము నెఱుగనివారు కారు. ప్రశస్తపాదుడు దానిని గమనమను కర్మభేదమున జేర్చెను. సాంఖ్యకారికలలో 67వది, సంస్కారవశమున దిరుగుచునే యుండు కుమ్మరి సారెను దృష్టాంతముగా గొన్నది. కాని యచట విచారము శరీరధారణమును గూర్చినది. సారెపై మట్టి నేది పట్టి యుంచుచున్నదను ప్రశ్నకు దావు లేదు.

ఐరోపాలో నీ ప్రశ్నకు వడిసెలయే పలకయైనది. 1644లో డెకార్టు వడిసెల రాతిని దృష్టాంతముగా జూపెను. 1659లో హైగెన్సు లెక్క గట్టి, వెలికి బోజూచు నా ప్రయత్నమునకు లాటినులో అపకేంద్ర మను నర్థము గల పేరిడెను. సిద్ధాంతములను 1673లో బ్రకటించెను. వేగము రెట్టింపైన బలము నాలుగు రెట్లగును. నూఱు గ్రాముల రాతిని మీటరు త్రాట గట్టి సెకండునకు రెండుమాఱులు త్రిప్పినచో, త్రాటి లాగు రాతి బరువునకు సుమారు పదునాఱు రెట్లు! 1687లో న్యూటను వడిసెలనే చేకొని చూపును మార్చెను: విచారింపవలసినది రాతిని లోపలికి లాగు బలము. దానికి అభికేంద్రమని పేరిడెను.

త్రిప్పువాని చేతికి లాగు వెలుపలికే తోచును, నిజమే. అది త్రాటిద్వారమున రాయి చేతిపై జూపునది; రాతిపై త్రాడు చూపునది లోపలికే. కొస విడిచినప్పుడు రాయి కేంద్రమున కెదురుగా వెలికి బోదు, వృత్తమును స్పృశించు రేఖవెంబడి బోవును. చేతినుండి గుఱికి నేరుగా గీత గీచి యా గీతపై రాయి వచ్చినప్పుడు కొస విడుచువాని గుఱి తప్పక తప్పును.

అభి యన నభిముఖము, అప యన దొలగుట. కేంద్రశబ్దమో గ్రీకునుండి జ్యోతిషము వెంట వచ్చి మనదైనది. సమాసమున వ్యాకరణదోషము లేదు. చిక్కంతయు నర్థముననే యున్నది. చక్రముతో గూడ దిరుగుచు జూచువాడు లెక్క కుదురుటకై యపకేంద్రబలమును గల్పించుకొనవచ్చును. గట్టున నిలిచి చూచువానికి దానితో బనిలేదు. వానికి గనబడున దింతే: రెక్కలు నీటిని ద్రిప్పుచున్నవి, వృత్తమున నిలుపుటకు జాలినంత లోపలి లాగు లేదు, నీ రంచునకు జాఱి, వెడల్పగుచున్న గూటిలో వేగము తగ్గి, ఆ వేగము పీడనమై గొట్టమున బైకెక్కుచున్నది.