ఆటల అలవాటు, బొమ్మల సరదా: ప్రచార రంగంలో ఉపాధికి దారి

హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూరు వంటి పట్టణాలలో ఒకే వీధిలో రెండు మూడు లిపుల పేరు పలకలు కనిపిస్తాయి. ఒకప్పుడు వాటిని కుంచె పట్టిన పెయింటర్లు రాసేవారు. తరువాత డి.టి.పి. కేంద్రాలు, ఫ్లెక్సీ ముద్రణ యంత్రాలు ఆ పనిని అందుకున్నాయి. ఇప్పుడు అదే దుకాణానికి పలకతోపాటు వాట్సాప్‌లో పంపే బొమ్మ, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే చిన్న వీడియో కూడా కావలసివస్తున్నాయి. సరుకు గురించి కొనేవారికి తెలియజెప్పి వారిని రప్పించే ఈ పనులన్నీ మార్కెటింగ్ అనే వృత్తిలో భాగాలు.

మరోవైపు, సరిహద్దు గ్రామాల పిల్లలు సెల్‌ఫోనులో ఆటలు ఆడుతూ, అందులోని వీరుల బొమ్మలను వేలితోనే తెరపై గీస్తూ గడపడం ఇంటింటా కనిపించే దృశ్యం. ఇది చదువును చెడగొట్టే వ్యసనమా, బతుకుతెరువుకు తొలి మెట్టా అన్న సందేహం తల్లిదండ్రులను వేధిస్తుంది. రెండింటికీ అవకాశం ఉంది. ఆట గానీ బొమ్మ గానీ దానంతటది వృత్తి కాదు. సొంత ముచ్చట కోసం చేసే పని, ఇతరుల అవసరం కోసం గడువులోగా చేసే పనిగా మారినప్పుడే అది వృత్తి అవుతుంది. ఈ మార్పులో సరిహద్దు పిల్లలకు ఒక ప్రత్యేకమైన అనుకూలత ఉంది; ఒక లోటు కూడా ఉంది.

బొమ్మ నుంచి ప్రకటనకు: పూర్వపు ఉదాహరణలు

చిత్రకళ ప్రకటనల రంగానికి దారి తీయడం కంప్యూటర్లతో మొదలైన సంగతి కాదు. చలనచిత్ర దర్శకుడు సత్యజిత్ రాయ్ 1943లో కలకత్తాలోని డి.జె. కీమర్ అనే బ్రిటిష్ ప్రకటనల సంస్థలో నెలకు 80 రూపాయల జీతానికి చేరారు. ప్రకటనలకు రూపకల్పన చేయడం ఆయన ఉద్యోగం. అక్షరాల రూపాలపై ఆయనకున్న మక్కువ తరువాతి కాలంలో కొత్త రోమన్ అక్షర శైలుల సృష్టికి దారి తీసింది.

మైసూరులో 1921లో జన్మించిన ఆర్.కె. లక్ష్మణ్‌కు బొంబాయిలోని జె.జె. కళాశాల ప్రవేశం నిరాకరించింది. ఆయనే 1954లో ఏషియన్ పెయింట్స్ సంస్థ కోసం చేతిలో కుంచె, రంగు డబ్బా ఉన్న గట్టు అనే అల్లరి పిల్లవాడి బొమ్మ గీశారు. 1966లో సిల్వెస్టర్ డకున్హా సంస్థ ప్రచారం కోసం యూస్టస్ ఫెర్నాండెజ్ గీసిన అమూల్ పాప నేటికీ ప్రకటనలలో కనిపిస్తూనే ఉంది. ఒక చిన్న బొమ్మ సరుకును దశాబ్దాల పాటు జనం మనసులో నిలపగలదని ఈ ఉదాహరణలు తెలుపుతాయి.

ఆటలు నేర్పేది, నేర్పనిది

వీడియో ఆటను రూపొందించేవారు ఆడేవారి దృష్టిని నిలపడానికి అనేక ఉపాయాలు చేస్తారు. మొదటి అంచె సులభంగా ఉంటుంది. చిన్న గెలుపుకు వెంటనే బహుమతి దక్కుతుంది. ఏ మీట ఎక్కడ ఉందో రంగును బట్టే తెలుస్తుంది. ఈ ఉపాయాలను గమనించే పిల్లలకు ప్రకటనల పని త్వరగా అర్థమవుతుంది. మైన్‌క్రాఫ్ట్ వంటి నిర్మాణపు ఆటలలో కొలతలు, స్థలం, వరుసక్రమం అలవాటవుతాయి.

అయితే ఆడటం వేరు, ఆటను విప్పి చూడటం వేరు. ఎన్ని గంటలు ఆడినా గమనిక లేకపోతే మిగిలేది అలసటే. ఈ అంచె ఎందుకు విసుగు పుట్టించింది, ఈ బొమ్మ ఎందుకు కంటికి ఆనింది అని ప్రశ్నించుకుని రాసిపెట్టుకునే అలవాటు ఉన్నవారికే ఆట పాఠమవుతుంది.

ఇంటర్‌నెట్ ప్రకటనలలో లెక్కకు పెద్ద పాత్ర ఉంది. ఉదాహరణకు ఒక చీరల దుకాణం రెండు బొమ్మలతో ప్రకటన వేసిందనుకుంటే, మొదటిది 2,000 సార్లు కనిపించి 40 సార్లు నొక్కబడితే దాని స్పందన 2 శాతం. రెండవది అన్నే సార్లు కనిపించి 80 సార్లు నొక్కబడితే 4 శాతం. ఒక్కొక్కదానికి 200 రూపాయలు ఖర్చయితే మొదటి బొమ్మకు ఒక్కో నొక్కుకు 5 రూపాయలు, రెండవదానికి రెండున్నర రూపాయలు పడినట్లు. తన బొమ్మే అందంగా ఉందని పట్టుబట్టక లెక్క చెప్పిన మాట వినడం ఈ వృత్తిలో మొదటి క్రమశిక్షణ.

సాధనాలు, ముద్రణ పరిజ్ఞానం

ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేనిదే ఈ విద్య అబ్బదన్నది అపోహ. ఫొటోలను సరిదిద్దడానికి జింప్, చిహ్నాలు గీయడానికి ఇంక్‌స్కేప్, రంగుల చిత్రాలకు క్రిటా, త్రిమితీయ బొమ్మలకు బ్లెండర్ ఉచితంగా లభిస్తాయి. బ్లెండర్‌తో రూపొందిన లాట్వియా చిత్రం ‘ఫ్లో’ 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ పొందింది. సెల్‌ఫోనులో గీత అలవాటు చేసుకోవచ్చు గానీ, ఉద్యోగం చేయాలంటే కంప్యూటర్‌పై పని నేర్వక తప్పదు.

తెరపై అందంగా ఉన్న బొమ్మ ముద్రణలో చెడిపోవడానికి కొన్ని కారణాలున్నాయి. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులతో రంగులను చూపుతుంది. ముద్రణాలయం నీలి, గులాబీ, పసుపు, నలుపు సిరాలతో అచ్చు వేస్తుంది. అందుచేత తెరపై మెరిసే కొన్ని రంగులు కాగితంపై మసకబారుతాయి. చిన్న చుక్కలతో ఏర్పడిన ఫొటోను పెద్దది చేస్తే చెదిరిపోతుంది. గీతల లెక్కతో గీసిన వెక్టర్ బొమ్మను ఎంత పెద్ద ఫ్లెక్సీకైనా పెంచవచ్చు. కరపత్రానికి సాధారణంగా అంగుళానికి 300 చుక్కల స్పష్టత కావాలి. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అంత అవసరం లేదు. ఊళ్లోని డి.టి.పి. కేంద్రంలో వేసవి సెలవులు గడిపిన విద్యార్థికి ఈ సంగతులు చేతికి వస్తాయి.

సరిహద్దు పిల్లల అనుకూలత

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, పై చదువులకు ఇంగ్లిషు నేర్చే పిల్లలకు సహజంగానే రెండు మూడు భాషల జనం అభిరుచులు తెలుస్తాయి. దేశమంతటా సరుకు అమ్మే సంస్థలు ఒకే ప్రకటనను పలు భాషలలోకి మారుస్తాయి. మాటకు మాట పెట్టిన అనువాదం చాలాసార్లు అతకదు.

పండుగలే ఇందుకు మంచి ఉదాహరణ. తెలుగువారి, కన్నడిగుల ఉగాది, మరాఠీల గుడి పడ్వా చాంద్రమానం ప్రకారం ఒకే రోజున వస్తాయి. తమిళుల పుత్తాండు, ఒడిశాలోని పణా సంక్రాంతి సౌరమానం ప్రకారం ఏప్రిల్ నడుమ వస్తాయి. కొత్త సంవత్సరపు తగ్గింపు ధరల ప్రకటన షోలాపూరులో ఒక వారం, హోసూరులో రెండు వేర్వేరు వారాలు వేయవలసి ఉంటుందని దూరపు నగరంలో కూర్చున్నవారికి వెంటనే తోచదు. హోసూరు పిల్లవాడికి అది చిన్ననాటి నుంచీ తెలిసిన సంగతి.

లోటు: చదవలేని మాతృభాష

ఈ అనుకూలతకు అడ్డంకి లిపి. తమిళనాడులో 2006 చట్టం పాఠశాలల్లో తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. ఇతర రాష్ట్రాలలోనూ తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని యువత సరిహద్దు కుటుంబాలలో కనిపిస్తోంది. వత్తు తప్పు పడిన ప్రకటన దుకాణదారుని నవ్వులపాలు చేస్తుంది. తప్పు పట్టగలవారికి తెలుగు చదవడం రావాలి. కాబట్టి రోజుకు అరగంట తెలుగు చదివించడం భాషాభిమానమే కాక వృత్తి శిక్షణ కూడా అవుతుంది.

కంప్యూటర్‌లో తెలుగుకు రెండు పద్ధతులున్నాయి. అను వంటి పాత ఫాంట్లు డి.టి.పి. కేంద్రాలలో వాడుకలో ఉన్నాయి. అందులో కూర్చిన పాఠం ఆ ఫాంటు లేని చోట అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో కూర్చిన పాఠం అన్ని ఫోన్లలోనూ తెలుగుగానే కనిపిస్తుంది. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఫొటోషాప్‌లో భారతీయ లిపులకు తగిన అమరిక ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి. ఈ రెండు పద్ధతులూ తెలిసిన పనివారు ముద్రణాలయానికీ పనికివస్తారు, ఇంటర్‌నెట్ సంస్థకూ పనికివస్తారు.

కొలువులు

ప్రకటనలకు రూపమిచ్చేవారిని గ్రాఫిక్ డిజైనర్లంటారు. బొమ్మలు గీసేవారు ఇలస్ట్రేటర్లు. కదిలే అక్షరాలు, బొమ్మలు చేసేవారు మోషన్ డిజైనర్లు. ప్రకటన మాటలు రాసేవారు కాపీరైటర్లు. ప్రకటనల ఖర్చు, స్పందన లెక్కలు చూసేవారు డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగులు. ఆటల కంపెనీలలో కొత్త ఆటకు ప్రచారం చేసేవారు, ఆడేవారి ఫిర్యాదులు విని సమాధానం చెప్పేవారు కూడా ఉంటారు. బెంగళూరులో 1997లో ధ్రువ ఇంటరాక్టివ్ ఏర్పడిన నాటి నుంచి దేశంలో ఆటల తయారీ ఒక పరిశ్రమగా పెరుగుతూ వచ్చింది.

చదువులు, ప్రవేశ పరీక్షలు

అహ్మదాబాద్‌లో 1961లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఈ విద్యలో ప్రముఖమైనది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2015 నుంచి ఎన్.ఐ.డి. నడుస్తోంది. ప్రవేశం రెండు దశల పరీక్ష ద్వారా లభిస్తుంది. ఐ.ఐ.టి.లలో డిజైన్ డిగ్రీకి బొంబాయి ఐ.ఐ.టి. 2015 నుంచి యూసీడ్ పరీక్ష నిర్వహిస్తోంది. హైదరాబాద్ ఐ.ఐ.టి. కూడా దీని ద్వారా విద్యార్థులను చేర్చుకుంటుంది. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా ఈ పరీక్షలు రాయవచ్చు. వయోపరిమితి ఉంటుంది గనుక ప్రకటన వెలువడగానే చూసుకోవాలి. యూసీడ్ ఇంగ్లిషులోనే ఉంటుంది.

అప్లయిడ్ ఆర్ట్ అనే పేరుతో ప్రకటనల కళను బోధించే బి.ఎఫ్.ఏ. మరొక మార్గం. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, బెంగళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్తు, ముంబైలో జె.జె. అప్లయిడ్ ఆర్ట్ సంస్థ ప్రసిద్ధమైనవి. చెన్నైలో 1850 నాటి ప్రభుత్వ లలితకళా కళాశాల, భువనేశ్వర్‌లో బి.కె. కళాశాల, యానాం విద్యార్థులకు పుదుచ్చేరిలోని భారతియార్ పల్కలైకూడం చిత్రకళ నేర్పుతున్నాయి. డిగ్రీ కామర్స్ లేదా బి.బి.ఏ. చదువుతూ బొమ్మల పని నేర్చుకోవడమూ తగిన మార్గమే.

సరిహద్దు కుటుంబాలు ధ్రువపత్రాల విషయంలో తరచూ పొరపడతాయి. కేంద్ర ఓ.బి.సి. జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతిగా ఉన్న కులం కర్ణాటకలో గానీ మహారాష్ట్రలో గానీ అదే వర్గంలో ఉండకపోవచ్చు. ధ్రువపత్రం సొంత రాష్ట్రపు తహసీలు కార్యాలయం నుంచే పొందాలి. రాష్ట్ర కళాశాలల్లో స్థానికులకు కేటాయింపులు ఉంటాయి గనుక, తాతల ఊరు తెలుగు రాష్ట్రంలో ఉన్నంత మాత్రాన స్థానికత లభించదు.

జాగ్రత్తలు

డబ్బు పెట్టి ఆడే ఆటలు ఈ దారిలోనివి కావు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించింది. వాటికి ప్రకటనలు చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా అందులో ఉన్నాయి. తెలియక అలాంటి బొమ్మ చేసి ఇచ్చే యువకులు ఇది గుర్తుంచుకోవాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా జరిమానా విధిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని 2022 నుంచి అమలైన రోగాల వర్గీకరణలో చేర్చింది. ఆటపై అదుపు తప్పడం, తిండి, నిద్ర, చదువు కంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఇవి ఏడాది పాటు కొనసాగితే వ్యసనంగా పరిగణిస్తారు. ఈ స్థితిలో ఉన్న పిల్లలకు ముందు వైద్య సలహా అవసరం. ఉద్యోగం మాట తరువాత.

ఆటలలోని వీరుల బొమ్మలను అభ్యాసానికి గీయవచ్చు గానీ వాటిని అమ్మితే హక్కుల ఉల్లంఘన అవుతుంది. ఉద్యోగి పనిలో భాగంగా గీసిన బొమ్మపై వేరే ఒప్పందం లేకపోతే యజమానికే హక్కు ఉంటుంది. ఉద్యోగం ఖాయమని చెప్పి పెద్ద మొత్తం అడిగే శిక్షణ కేంద్రాలలో చేరేముందు, అక్కడ చదివినవారిని కలిసి విచారించడం మంచిది.

మాట చెబితే బొమ్మ గీసే కృత్రిమ మేధ సాధనాలు 2022 నుంచి విస్తరించడంతో సాధారణమైన బొమ్మల పనికి విలువ తగ్గింది. కానీ ఆ బొమ్మలలో తెలుగు అక్షరాలు తప్పుగా రావడం తరచూ కనిపిస్తుంది. ఏ ఊళ్లో ఏ మాట నొప్పిస్తుందో, ఏ రంగు ఏ పార్టీదో యంత్రానికి తెలుపవలసింది మనిషే. గీయడం మాత్రమే వచ్చినవారి కంటే, ఏది ఎందుకు గీయాలో చెప్పగలవారికి ఇకపై గిరాకీ ఉంటుంది.

తొలి అడుగు

ఉద్యోగానికి డిగ్రీతోపాటు చేసిన పనుల నమూనాల సంచిక అడుగుతారు. దీనిని పోర్ట్‌ఫోలియో అంటారు. ఎనిమిది పది పనులు చాలు. ప్రతి పనికీ దుకాణదారుని అవసరం ఏమిటి, మొదట గీసినది ఏమిటి, మార్చినది ఎందుకు, ఫలితం ఏమిటి అన్నవి నాలుగు వాక్యాలలో రాయాలి.

ఇందుకు నగరానికి వెళ్లనక్కరలేదు. ఊరి కిరాణా కొట్టుకు రెండు భాషల ధరల పట్టిక, మహిళా సంఘం పచ్చళ్ల సీసాకు చీటీ, మగ్గం నేసే కుటుంబానికి చీరల ఫొటోలు, జాతరకు కరపత్రం వంటి పనులతో పదో తరగతి పిల్లలు కూడా మొదలుపెట్టవచ్చు. చేసిన పనికి కొద్దిపాటి రుసుమైనా తీసుకోవడం అలవాటు కావాలి. ఊరగాయ సీసాపై అంటించిన చీటీని చూసి పక్క రాష్ట్రపు సంతలో ఒకరు ఆగి చదివితే, ఆ పిల్లలకు ఈ వృత్తి అబ్బిందనడానికి అదే తొలి గుర్తు.