నెలలు నిండని శిశువు - జోలపాట

తెలుగు గేయసాహిత్యమున జోలపాట మిక్కిలి ప్రాచీనమైన శాఖ. అన్నమాచార్యుల (1408-1503) పేర ప్రసిద్ధమైన జోల నేటికిని మన యిండ్ల వినవచ్చుచున్నది. త్యాగరాజస్వామి (1767-1847) ఉత్సవసంప్రదాయ కీర్తనలలో లాలికిని ఉయ్యాలకును చోటిచ్చెను. గోదావరీ మండలమున నేదునూరి గంగాధరముగారు పల్లెపాటలను ప్రోగుచేసిరి. ఆచార్య బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున జానపదగేయములను పరిశోధనవిషయముగా నిలిపిరి. అయినను మన పరిశోధనము పాటలోని మాటకిచ్చిన ప్రాధాన్యమును గతికిని లయకును ఈయలేదని మా అభిప్రాయము.

ఆ లోపమును నేడు వైద్యశాస్త్రము మనకు ఎత్తిచూపుచున్నది. 37 వారములు నిండకముందే జనించిన శిశువు తల్లి హృదయనాదమునకు దూరమై యంత్రముల రొదలో పెరుగవలసివచ్చును. అట్టి గదులలో ధ్వని 45 డెసిబెళ్ళు మించరాదని అమెరికా శిశువైద్య అకాడమీ 1997లో సూచించెను. 2013లో జొవాన్ లోవీ బృందము 11 ఆసుపత్రులలో 272 మంది శిశువులను పరిశీలించి, తల్లిదండ్రులు కోరిన పాటను జోలగా మలచి మెల్లగా పాడినప్పుడు శిశువుల గుండెవేగము నెమ్మదించెననియు, తల్లిదండ్రుల ఆందోళనము తగ్గెననియు ప్రకటించెను. అయితే 2022లో వెలువడిన మరియొక బహుదేశ పరిశోధనమున తల్లీబిడ్డల అనుబంధములో చెప్పుకోదగిన భేదము కానరాలేదు. కావున పాటను సర్వరోగనివారిణిగా భావింపరాదు.

జోలలకు పేరొందిన నవరోజు పంచమాంత్యరాగము. మంద్రపంచమము మొదలు మధ్యపంచమము వరకే దాని సంచారము. తారస్థాయికి అందు తావులేదు. ఉయ్యాల ఊపే దానికి లయ. ఇందువలన మన పూర్వులు వైద్యప్రయోజన మెరిగియే పాడిరనుట సాహసము. పసిబిడ్డను నిదురపుచ్చిన అనుభవమే ఆ మితమును నేర్పినదనుట సమంజసము.

కోనసీమలోని నగరము వంటి గ్రామమునుండి బిడ్డను అమలాపురమునకో, కాకినాడకో కొనిపోయిన తల్లికి, అద్దపుపెట్టెలోని శిశువును ఎత్తుకొను వీలు వెంటనే కలుగకపోవచ్చును. వైద్యుల అనుమతితో ఆమె ఈయగలిగినది తన కంఠస్వరము. ఆ స్వరమున పలుకవలసిన పాట ఆమెకు తన తల్లినుండి అందినదా, లేదా? ఈ ప్రశ్న సాహిత్యచరిత్రకును సంబంధించినదే. కనుక జోలపాటలను సేకరించు విద్యార్థులు పదములతో ఆగక, వరుసను, వేగమును, పాడినవారి ఊరిని గూడ వ్రాసికొనవలెను. పాడు వృద్ధురాండ్రు ఉన్నప్పుడే ఈ పని జరుగవలసియున్నది. మాటలు మాత్రమే మిగిలిన జోల గ్రంథమున నిలుచునే గాని, బిడ్డను నిదురపుచ్చజాలదు.