నవ్వు ఎవరి మీద? మనం చూడాల్సిన కొన్ని రాజకీయ వ్యంగ్య సినిమాలు

పంచాయతీ ఎన్నికలప్పుడు మా తండాలో ఆరేడుగురం కూర్చొని ఒకరి ఫోన్‌లో 'మార్టిన్ లూథర్ కింగ్' చూసినం. సంపూర్ణేశ్ బాబు సినిమా అంటే ఊరికే నవ్వుకునేది అనుకున్నం. సగానికొచ్చేసరికి ఎవరూ మాట్లాడతలేరు.

కథ చిన్నదే. పడమరపాడు అనే ఊరు, రెండు వర్గాలు, సర్పంచ్ పదవికి ఇద్దరు పోటీ. లెక్కేస్తే ఇద్దరికీ ఓట్లు సమానం. మిగిలింది చెట్టు కింద చెప్పులు కుట్టుకునే ఒక మనిషి. ఆయనకు సొంత పేరు లేదు, ఎవరికి తోచినట్టు వాళ్లు పిలుస్తరు. పోస్టాఫీసులో డబ్బు దాచుకోవాలంటే పేరు కావాలె కాబట్టి అక్కడ పనిచేసే ఆమె ఆయనకు పేరు పెడుతది, ఆ పేరుతోనే ఓటరు కార్డు వస్తది. ఇగ ఊరంతా ఆయన చుట్టే తిరుగుతది. 2023 అక్టోబర్‌లో వచ్చిన ఈ సినిమాకు దర్శకురాలు పూజ కొల్లూరు. మడోన్ అశ్విన్ తీసిన తమిళ సినిమా 'మండేలా' (2021) దీనికి మూలం. అందులో యోగిబాబుది క్షౌరం పని.

నాకు ఆ పేరు దగ్గరే మనసు పట్టుకున్నది. మా తాత పేరు రేషన్ కార్డులో ఒక తీరు, ఓటరు కార్డులో ఇంకో తీరు. రాసినోళ్లకు మన పేర్లు నోరు తిరగలే. ఓట్ల రోజు మాత్రం ఏ పేరైనా నడిచింది, ఇంటి ముందటికి ఆటో వచ్చింది.

అప్పటి నుంచి ఏ వ్యంగ్య సినిమా చూసినా నేను ఒకటే గమనిస్త: నవ్వు ఎవరి మీదికి పోతున్నది? తెలుగు సినిమాల్లో మన అద్దాల బట్టలు పాటకు డ్రెస్సు అయినయ్, మన యాస కమెడియన్‌కు జోకు అయింది. పైనున్నోళ్ల మీద నవ్వే సినిమాలు తక్కువ. కానీ వాటికి కూడా 70 ఏళ్ల చరిత్ర ఉంది.

1954లో కె.వి.రెడ్డి 'పెద్దమనుషులు' తీసిండు. ఒక పట్టణం చైర్మన్ పైకి ధర్మాత్ముడు, లోపల మోసగాడు. ఇబ్సెన్ నాటకం ఒకటి దీనికి ప్రేరణ. నాకు ఇందులో నచ్చింది రేలంగి వేసిన తిక్క శంకరయ్య. ఊరు పిచ్చోడని వదిలేసిన మనిషే నిజం చెప్తడు. స్వతంత్రం వచ్చి ఏడేళ్లే అయింది, అప్పటికే ఖద్దరు వెనక ఏముందో సినిమా చూపించింది. డి.వి.నరసరాజుకు రచయితగా ఇదే మొదటి సినిమా. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లా వస్తది.

ఎమర్జెన్సీలో నవ్వుకే భయపడ్డరు. అమృత్ నహాటా అప్పుడు కాంగ్రెస్ ఎంపీ. ఆయన హిందీలో 'కిస్సా కుర్సీ కా' తీసిండు. అందులో షబానా ఆజ్మీ వేసిన మూగ అమ్మాయి పేరే జనత. సినిమాను ఆపేసి, రీళ్లన్నీ పట్టుకపోయి గుర్గావ్‌లో మారుతీ ఫ్యాక్టరీ ఆవరణలో కాలబెట్టిన్రు. సంజయ్ గాంధీకి, మంత్రి వి.సి.శుక్లాకు 1979లో కింది కోర్టు శిక్ష వేసింది, తర్వాత సుప్రీంకోర్టు కొట్టేసింది. నహాటా సినిమాను మళ్లా తీసి 1978లో విడుదల చేసిండు. ఇంకో మాట: తెలంగాణ లంబాడీలను ఎస్టీల్లో చేర్చిన 1976 చట్టం కూడా ఆ ఎమర్జెన్సీ రోజుల్లో వచ్చిందే. మన చరిత్ర చదివేటోళ్లు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలె.

1977 మార్చిలో ఇందిరమ్మ ఓడింది. అదే ఏడాది 'యమగోల' వచ్చింది, రచన నరసరాజే. చచ్చి యమలోకానికి పోయిన ఎన్టీఆర్ యమభటులతో యూనియన్ పెట్టించి సమ్మె చేయిస్తడు. యముడంతటోడే దిక్కుతోచక కూర్చుంటడు. ఢిల్లీ కుర్చీ గురించి నేరుగా చెప్పలేని మాటలను నరకం పేరు మీద చెప్పినట్టుంటది. ఇప్పుడు చూసినా పాతబడలే.

అదే ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయినంక 1987లో ఆయన మీదనే 'మండలాధీశుడు' వచ్చింది. కోట శ్రీనివాసరావు ఆయన నడక, మాట అచ్చం దించిండు. నటన కోసం చూడండి. కానీ నాకైతే అది ఇద్దరు పెద్దోళ్ల కొట్లాట లెక్కనే అనిపించింది. అందులో మన ఊరు లేదు.

ఊరు ఉన్న సినిమాలు 2010లో రెండు వచ్చినయ్, రెండూ హిందీ. 'పీప్లీ లైవ్' అనూషా రిజ్వీ తీసింది. అప్పుల రైతు నత్థా చచ్చిపోతా అన్నడని టీవీలు, పార్టీలు ఊరి మీద పడతయ్. ఆఖరుకు నత్థా ఎక్కడ తేలుతడో చెప్పొద్దు గానీ, సిటీలో బిల్డింగ్ పని దగ్గర దుమ్ముకొట్టుకపోయిన ముఖంతో కూర్చున్న ఆ మనిషిని చూస్తే పాలమూరు లేబర్ అన్న మాట వినుకుంట పెరిగిన మనకు వేరే వివరణ అక్కర్లేదు. (చెప్పనే చెప్పిన, ఏమనుకోకండి.)

రెండోది శ్యామ్ బెనెగల్ 'వెల్ డన్ అబ్బా'. ఇది మన తెలంగాణ పల్లె కథనే, దీని మూలాల్లో హైదరాబాద్ ఉర్దూ రచయిత్రి జీలానీ బానో కథ ఒకటి. బోమన్ ఇరానీ వేసిన అర్మాన్ అలీకి సర్కారు బావి మంజూరు అయితది. ఆఫీసుల్లో ఒక్కొక్కరు వాటా తీసుకుంటరు, బావికి పైసలు మిగలవు. కాగితాల్లో మాత్రం బావి పూర్తి. చదువుకున్న బిడ్డకు ఒక ఆలోచన వస్తది: బావి ఉందని సర్కారే చెప్తున్నది, ఇక్కడ చూస్తే లేదు, అంటే దొంగలు ఎత్తుకపోయినట్టే కదా! పోయి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తరు.

ఇక ఆదివాసీ గూడెం కథ 'న్యూటన్' (2017). అమిత్ మసుర్కర్ దర్శకుడు. ఛత్తీస్‌గఢ్ అడవిలో 76 మంది ఓటర్లు, వాళ్ల కోసం రాజ్‌కుమార్ రావు ఓట్ల పెట్టె పట్టుకొని నడుస్తడు. నిలబడ్డోళ్లెవరో ఓటేసేటోళ్లకు తెలియదు, వాళ్ల మాట అధికారులకు తెలియదు. అంజలి పాటిల్ వేసిన ఆదివాసీ టీచర్ మల్కో ఎక్కువ మాట్లాడదు. కొన్ని గంటల దూరంలోనే ఉండి కూడా మా గురించి మీకేం తెలియదని అధికారికి నెమ్మదిగా చెప్తది. నల్లమల పెంటల నుంచి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది తప్పక చూడాలె. అయితే ఒక లోటు ఉంది. కథ అధికారి కళ్ల నుంచే నడుస్తది, మల్కో కళ్ల నుంచి కాదు. ఆ సినిమా ఇంకా ఎవరూ తీయలే.

2018 చట్టంతో మన తండాలు పంచాయతీలు అయినయ్. కుర్చీ మనదైంది, సంతకం మనదైంది. అంటే పైనున్నోళ్ల మీది నవ్వు ఇక మన మీదికి కూడా రావొచ్చు.

సెలవుల్లో ఇంకో రాత్రి 'వెల్ డన్ అబ్బా' పెట్టినం. అయిపోయినంక ఒక పెద్దాయన అడిగిండు, "మన చెక్‌డ్యాం కూడా పోయిందని రాసిద్దామా?" అందరం పడిపడి నవ్వినం. మరునాడు పొద్దున ఇద్దరు డిగ్రీ పిల్లలు నా దగ్గరికొచ్చి సమాచార హక్కు దరఖాస్తు ఎట్ల రాయాలని అడిగిన్రు. ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. ఒక తెల్లకాయితం తెమ్మన్న.