వింటినారి నుంచి తంబుర తీగ దాకా

బుర్రకథా పితామహుడు షేక్ నాజర్ ఆత్మకథ పేరు ‘పింజారి’. అట్ట మీద ఆ మాట చూసిన రోజు పుస్తకం తెరవకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాను. పింజారి అంటే దూదేకేవాడు. ఒక పనితనాన్ని మనం తిట్టుగా మార్చుకున్నాం. నాజర్ ఆ తిట్టును తన జీవితానికి పేరుగా నిలబెట్టాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో దూదేకుల ఇంట పుట్టిన మనిషి ఆయన. ఆ ఇళ్లలో తరతరాలుగా మోగింది కూడా ఒక తీగే కదా అని నాకు అప్పుడు తట్టింది.

దూదేకే విల్లుకు కట్టేది పేగుతో పేనిన నారి. కొయ్యగుండుతో దాన్ని కొడితే ఠంయ్‌మని అదురుతుంది, ఆ అదురుకు దూది పోగులు విడిపోతాయి. నారి వదులైతే దూదిని నెడుతుందే తప్ప విప్పదు. ఎంత లావు నారికి ఎంత బిగువో పింజారి చెవికి తెలుసు.

ఈ నేలకు విల్లు పలకడం కొత్త కాదు. అమరావతి శిల్పాల్లో వీణలు విల్లులాగే వంగి ఉంటాయి. మెట్లు లేవు, ఒక్కో స్వరానికి ఒక్కో తీగ. తరవాతి శతాబ్దాల్లో ఆ వీణ మన దేశంలో దాదాపు కనుమరుగైంది. దాని చుట్టం బర్మాలో ఇంకా మోగుతోంది. కృష్ణ ఒడ్డున రాతిలో మిగిలినది అక్కడ మనుషుల ఒళ్లో ఉందంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పింజారి చెవికి తెలిసినదాన్ని 1636లో ఫ్రాన్సులో మెర్సెన్ అనే సన్యాసి లెక్కగా రాశాడు. లోహం, పొడవు, బిగువు మారకుండా తీగ లావు రెట్టింపయితే శ్రుతి సరిగ్గా ఒక స్థాయి దిగుతుంది.

తంబురలో జరిగేదీ ఇలాంటిదే. పంచమానికీ రెండు సారణులకూ సన్నని ఉక్కు తీగలు, మంద్రానికి లావుపాటి ఇత్తడి తీగ. అన్నీ ఒకే పొడవు, అయినా మంద్రం ఒక స్థాయి కింద నిండుగా మోగుతుంది. తీగకూ గుర్రానికీ మధ్య ఒక నూలుపోగు దూరుస్తారు, దాన్ని జీవాళి అంటారు. పోగును వెంట్రుకవాసి జరిపితే మూగగా ఉన్న తీగ తుమ్మెదలా ఝుమ్మంటుంది. దూది ఏకిన ఇంటి బిడ్డ నాజర్ చేతిలోని తంబురకూ ప్రాణం దూదిపోగే అని తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

కథకుడు తంబురను భుజానికెత్తుకుంటాడు, రెండో చేతి అందెలు తాళం వేస్తాయి, పక్కన ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తారు. కచేరీలో తంబుర గాయకుడి వెనక కూర్చుంటుంది, బుర్రకథలో కథకుడితో పాటు అడుగులేస్తుంది. నాజర్ ప్రజానాట్యమండలిలో చేరి ‘పల్నాటి యుద్ధం’, ‘అల్లూరి సీతారామరాజు’ చెప్పాడు, బెంగాల్ కరువునూ కథ కట్టాడు. మిరప కళ్లాల్లో, పత్తి చేల గట్ల మీద పనిచేసి వచ్చిన జనం తెల్లవార్లూ విన్నారు. మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వమూ హైదరాబాదులో నిజాం సర్కారూ బుర్రకథను నిషేధించాయి. 1986లో నాజర్‌కు పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు చాలా వేదికల మీద శ్రుతిపెట్టె మీట నొక్కితే చాలు. శ్రుతి తప్పదు, నిజమే. జీవాళి సరిచేసే వేళ్లు మాత్రం తగ్గిపోయాయి.

లావు, బిగువుల ఆ లెక్క గిటారుకూ వర్తిస్తుంది. గిటారు నేర్చుకునే కుర్రాళ్లు ‘తొమ్మిది సెట్టా, పది సెట్టా’ అని వాదించుకుంటుంటే నాకు ముచ్చటేస్తుంది. ఒకటో తీగ మందం అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులా, పది వంతులా అన్నదే ఆ వాదన. తేడా వెంట్రుకంత. అదే శ్రుతికి బిగించాలంటే పదికి సుమారు 23 శాతం ఎక్కువ బిగువు కావాలి. వేలు నొస్తుంది, నాదం నిండుతుంది. తొమ్మిది సులువుగా వంగుతుంది, గమకం జారుతుంది. కింది శ్రుతులకు మరీ లావు తీగ వేస్తే కమ్మీలా బిరుసెక్కి నాదం మొద్దుబారుతుంది. అందుకే సన్న తీగ చుట్టూ ఇంకో తీగ చుడతారు, బరువు పెరిగినా బిరుసు అంతగా పెరగదు.

మా వీధికి చలికాలం ముందు ఒక దూదేకుల తాత వచ్చేవాడు. పరుపు విప్పి దూది కుప్ప పోసినా వెంటనే మొదలుపెట్టేవాడు కాదు. నారిని ఒకసారి కొట్టి తల వంచి వినేవాడు, ముడి బిగించి మళ్లీ కొట్టేవాడు. ‘‘ఇంకా ఎంతసేపు తాతా?’’ అని అడిగాను. ఆయన మూడోసారి కొట్టి, ‘‘ఇదిగో, ఇప్పుడు పలికిందయ్యా’’ అంటూ విల్లును దూదిలోకి దించాడు.