తలుపు మీది సుద్ద గుర్తు

సేవా క్లబ్బు అనగానే మనకు గుర్తొచ్చేవి రక్తదాన శిబిరం, కంటి పరీక్షలు, బడి పిల్లలకు నోటుపుస్తకాలు, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో. పొద్దున మొదలై సాయంత్రానికి ముగిసే పనులవి. వాటి మేలు వాటికుంది. కానీ పోలియో మీద రోటరీ చేసిన పనిని చూస్తే, ఇలాంటి సంఘాల అసలు బలం విరాళంలో కన్నా పట్టు వదలకపోవడంలోనే ఉందని నా నమ్మకం.

1978-79లో రోటరీ అంతర్జాతీయ అధ్యక్షుడు క్లెమ్ రెనూఫ్, ఆస్ట్రేలియాలోని నాంబూర్ అనే చిన్న పట్టణంలో అకౌంటెంటు. క్లబ్బులన్నీ కలిసి ఒకే రోగాన్ని తరిమేయాలంటే దేన్ని ఎంచుకోవాలని ఆయన అడిగితే, అంటువ్యాధుల పరిశోధకుడైన సభ్యుడు జాన్ సెవర్ పోలియో పేరు చెప్పారు. 1979 సెప్టెంబరు 29న మనీలా పక్కనున్న మకాతిలో ఈ కృషిలోని తొలి పోలియో చుక్కలు వేశారు. ఐదేళ్లలో 60 లక్షల మంది ఫిలిప్పీన్స్ పిల్లలకు మందు అందించాలన్నది లక్ష్యం. 1985లో రోటరీ వారి పోలియోప్లస్ కార్యక్రమం మొదలైంది. 12 కోట్ల డాలర్లు కూడబెడదామనుకుంటే 1988 నాటికి 24.7 కోట్లు పోగయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సభ నిర్మూలన తీర్మానం చేసింది ఆ ఏడాదే. అప్పట్లో 125 దేశాల్లో ఏటా దాదాపు మూడున్నర లక్షల మంది పోలియోతో పక్షవాతం బారిన పడేవారు.

ఇదంతా ప్రభుత్వాల ఘనతే కదా, క్లబ్బుకు కిరీటం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో ఒక్కో జాతీయ పోలియో విడతలో 17 కోట్ల మంది పిల్లలకు మందు వేసిన చేతులు 20 లక్షలకు పైమాటే. వాటిలో ఎక్కువ భాగం అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలవి. ఖర్చులోనూ సింహభాగం సర్కారుదే. అయితే సర్కారు జీపు దిగిన మనిషిని చూసి తలుపు మూసుకునే వీధులున్నాయి. చుక్కలు వేయిస్తే పిల్లలకు రేపు సంతానం కలగదన్న పుకారు ఉత్తరప్రదేశ్‌లో పాకినప్పుడు, రోటరీ సభ్యులు ముస్లిం మతపండితులైన ఉలేమాలతో కమిటీ ఏర్పాటు చేసి, జనం నమ్మే నోటితోనే ఆ భయం పోగొట్టే ప్రయత్నం చేశారు. ఆ నమ్మకం బడ్జెట్‌తో కొనగలిగేది కాదు. పైగా 2005 నాటికి, అంటే తమ శతాబ్ది నాటికి, పోలియో లేని ప్రపంచాన్ని చూస్తామన్న గడువు దాటిపోయినా వారు జెండా దించలేదు. 2009లో భారత్‌లో 741 కేసులు, ప్రపంచంలోకెల్లా ఎక్కువ. చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో, రెండేళ్ల లోపు పాపకు. 2014 మార్చి 27న మన దేశంతో సహా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతమంతా పోలియో రహితమని ధ్రువీకరించారు.

ఒక్క రోగం వెంట పడి మంచినీళ్లు, మరుగుదొడ్లు, మామూలు టీకాలను పక్కన పెట్టారన్నది ఇంకో ఆక్షేపణ. ఇందులో నిజం ఉంది, దాన్ని దాటవేయకూడదు. పేగుల జబ్బులు ఆగని చోట చుక్కల మందు సరిగా పట్టదు. బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో ఒక్కో బిడ్డకు ఎన్నోసార్లు వేయాల్సి రావడానికి అదో కారణం. 2009లో ఆ రెండు రాష్ట్రాల్లోని 107 బ్లాకుల్లో పారిశుధ్యాన్ని, విరేచనాల వైద్యాన్ని పోలియో పనితో కలిపి నడిపారు. ముందే చేసి ఉండాల్సింది. ఆలస్యానికి వంక పెట్టవచ్చు గానీ, పని అనవసరమని అనలేం.

ఆ పని తీరు తెలియాలంటే గడప దగ్గరకు వెళ్లాలి. చుక్కలు పడ్డ బిడ్డ ఎడమ చిటికెన వేలి మీద నల్ల సిరా. మందు బుడ్డి మీద చిన్న చతురస్రం. వేడి తగిలితే నల్లబడి, ఇక వేయొద్దని చెబుతుంది. ఇంట్లో పిల్లలందరికీ మందు పడితే తలుపు మీద సుద్దతో ‘పి’ రాస్తారు. ఒక్క బిడ్డ మిగిలినా ఇంటూ గుర్తు. ఆ గుర్తున్న ఇంటికి బృందం మళ్లీ వస్తుంది, బిడ్డ పొలంలో ఉన్నా, అమ్మమ్మ గారి ఊళ్లో ఉన్నా, తల్లి వద్దన్నా.