నాసి, ఖరాబు, తాలు: విలువ కట్టే మాటల చరిత్ర

పర్యాయపదాలని పేరుపెట్టి మన నిఘంటువులు కొన్ని మాటలను ఒకే పంక్తిలో కూర్చోబెడతాయి. అమరకోశంలో నికృష్టం, అధమం, కుత్సితం, గర్హ్యం ఇరుగుపొరుగులు. పద్యం కట్టే విద్యార్థికి ఈ ఏర్పాటు సౌకర్యమే. గణానికి ఏది సరిపోతే దాన్ని వాడుకుంటాడు. కాని కల్లంలో, కచేరీలో, అంగట్లో మాటలు ఇలా ఒకదాని చోట ఒకటి ఒదగవు. "బాగా లేదు" అనడానికి మనకున్న ప్రతి మాట వెనుకా ఎవరన్నారు, దేన్నన్నారు, అన్న తరువాత ఎవరి చేతిలో ఎన్ని రూపాయలు తగ్గాయి అనే చరిత్ర ఉంది.

ఈ చరిత్రను పరిశీలించడానికి వికారాబాదు, తాండూరు ప్రాంతం అనువైనదని నా అభిప్రాయం. వికారాబాదు పేరే పాయెగా ప్రభువు వికారుల్ ఉమ్రాది. 1874లో వాడి, సికింద్రాబాదుల మధ్య రైలు పడింది. తాండూరు తాలూకా 1956 నవంబరు 1 దాకా గుల్బర్గా జిల్లాలోనిది. ఇంట్లో తెలుగు, పొరుగున కన్నడం, సర్కారు కాగితం మీద ఉర్దూ, సర్వే పద్ధతిలో మరాఠీ వాసన. ఇన్ని భాషలు ఒకచోట చేరినప్పుడు సహజంగానే వాటి మధ్య పని పంపకం జరిగింది.

కల్లంలోని మాటలు తెలుగువి. గింజ పట్టకపోతే తాలు. పురుగు తింటే పుచ్చు. విరిగితే నూక. లోపల సత్తువ లేకుంటే పొల్లు. వీటిలో ఏ రెండూ పర్యాయపదాలు కావు. తూర్పారబట్టేటప్పుడు తాలు గాలికి ఎగిరిపోతుంది, పుచ్చు పోదు; దాన్ని చేటలో చెరిగి, చేత్తో ఏరవలసిందే. ఏ లోపమో చెప్పడంతోనే ఆ మాట కారణాన్ని కూడా సూచిస్తుంది. తాలు అన్నామంటే గింజ పాలుపోసుకునే వేళ నీరందలేదనో, తెగులు తగిలిందనో ఆలోచించాలి. పుచ్చు అన్నామంటే నిలువచేసిన చోటు చూసుకోవాలి. శ్రమచేసే మనిషి తన శ్రమ ఎక్కడ దెబ్బతిన్నదో తెలుసుకోవడానికి పుట్టించుకున్న మాటలివి. ఇందులో తిట్టు లేదు.

కచేరీ మాట ఖరాబు. పాడుబడినది అని అరబ్బీలో దాని అర్థం. నిజాం రాజ్యంలో బొంబాయి పద్ధతి ననుసరించి భూమి సర్వే జరిగినప్పుడు 'పోట్ ఖరాబు' అనే లెక్క వచ్చింది. పోట్ అంటే మరాఠీలో కడుపు. సర్వే నంబరు కడుపులో ఉన్న రాయి, వాగు, దారి, అంటే సాగుకు పనికిరాని భాగం. దానికి శిస్తు లేదు. మిగిలిన నేలకు అణాల లెక్కన తరగతి కట్టారు. పదహారణాల నేల అన్నిటికన్న మేలైనది. (1957లో నయాపైసలు వచ్చి అణా పోయినా మనం "పదహారణాల తెలుగు" అనడం మానలేదు.)

ఇక్కడ విచిత్రం గమనించాలి. కచేరీలో తన నేల ఖరాబని రాస్తే రైతుకు లాభం, అంగట్లో తన పంట ఖరాబంటే నష్టం. ఒకే మనిషి ఒకచోట నాసి కావాలనీ, మరోచోట మేలు కావాలనీ కోరుకోవలసిన స్థితి. రెండుచోట్లా పేరు పెట్టే అధికారం మాత్రం అతనిది కాదు. ఒకచోట పట్వారీ కలం, మరోచోట షావుకారి నోరు.

ఆ నోటి మాట నాసి. నాసి సరుకు, నాసిరకం, హల్కా మాల్, రద్ది. సరిహద్దు దాటితే కన్నడంలో కళపె. ఏ మాటా లోపమేమిటో చెప్పదు, తీర్పు మాత్రం చెబుతుంది. గుప్పెడు గింజలు తీసి, రెండు కొరికి, "నాసి" అంటే ధర పడిపోతుంది. ఎందుకని అడగడానికి ఆ మాటలో సందు లేదు. దేశంలో అనేక మార్కెట్లలో రుమాలు కింద వేళ్లు పట్టుకొని బేరం తేల్చే ఆచారం ఉండేదంటే, తీర్పుతో పాటు ధర కూడా రైతు కంటబడేది కాదన్నమాట. ఇటువంటి పద్ధతులను అదుపుచేయడానికే 1339 ఫసలీలో, అంటే 1930లో, హైదరాబాదు వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. 1937లో దేశమంతటికీ ఆగ్‌మార్కు చట్టం వచ్చింది. నేడు మద్దతు ధరకు కందులు కొనాలంటే తేమ 12 శాతం మించరాదు. మట్టి, పుచ్చు, విరుగుడు దేనికదే విడిగా లెక్క. నిబంధన రాసినవారు తెలిసో తెలియకో కల్లం మాటల దగ్గరికే తిరిగి వచ్చారు! 2025-26కు కందుల మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. విశేషణం పోయి అంకె రావడం పురోగమనమే, సందేహం లేదు. అయితే అంకెకు లొంగని 'తరుగు' అనే మాట కాటా దగ్గర ఇంకా బతికే ఉన్నది.

సరుకుకు పెట్టిన పేరే మనిషి మాటకూ పెట్టారు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో కార్వే అధ్యక్షతన జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తరువాత కోస్తా పండితులు కొందరు ఇక్కడి తెలుగును తౌరక్యాంధ్రమన్నారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి జవాబిచ్చారు. పిల్లవాడు "పలక ఖరాబయింది" అని రాస్తే ఎర్రసిరాతో కొట్టివేసి "చెడిపోయినది" అని దిద్దే ఉపాధ్యాయుడు ఏ అంగడి తీర్పు చెబుతున్నాడో తన్ను తాను ప్రశ్నించుకోవాలి. మన విమర్శకులూ తక్కువ తినలేదు. "చౌకబారు సాహిత్యం" అని ఒక్క మాటతో తేల్చడం కన్న, ఈ నవలలో తాలెంత, పుచ్చెక్కడ అని చెరిగి చూపించడం కష్టమైన పని.

నాటు అనే మాట కథ మరోవిధమైనది. నాటువైద్యం, నాటుసారా అన్నప్పుడు అది మోటుతనం. నాటుకోడి దగ్గరికి వచ్చేసరికి ఎక్కువ ధర. మాటలో మార్పు లేదు, కొనేవాడు మారాడు. తాండూరు నల్లరేగడిలో పండే కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరే మేలిరకానికి పర్యాయపదమై, ఆ పేరుకు చట్టరక్షణ కూడా దొరికింది. ఆ ఊరి రైతు కందులు తెచ్చినప్పుడు మాత్రం ధర తేలేది తేమ కొలత, తాలు, పుచ్చు లెక్క చూసిన తరువాతే.