పంది చట్టం (నేరమూ కులమూ - 4)



పోయిన భాగం చదివిన లా విద్యార్థులు కొందరు అడిగారు: అమెరికాలో ఫెలనీ, మిస్‌డిమీనర్ అంటారు కదా, తేడా ఏమిటని. పుస్తకంలో జవాబు చిన్నదే. సాధారణంగా ఏడాదికి మించి జైలు పడగల నేరం ఫెలనీ. జరిమానాతోనో, ఏడాది లోపు స్థానిక జైలుతోనో పోయేది మిస్‌డిమీనర్. నాకు కావాల్సింది ఆ నిర్వచనం కాదు. ఆ గీతను ఎవరు, ఎప్పుడు, ఎవరి మీదికి జరిపారన్నది.

మిసిసిపీ రాష్ట్రాన్నే చూద్దాం. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణలోనే ఒక సందు ఉంది. నేరానికి శిక్షగా అయితే మనిషితో వెట్టి చేయించుకోవచ్చు. ఆ తర్వాత నల్లజాతి వాళ్ళు ఓటేశారు, చట్టసభల్లో కూర్చున్నారు. 1875 ఎన్నికల్లో తుపాకులతో, బెదిరింపులతో తెల్లవాళ్ళు పెత్తనం మళ్ళీ లాక్కున్నారు. మరుసటి ఏడాదే కొత్త దొంగతనం చట్టం వచ్చింది. పది డాలర్లు దాటిన సొత్తు దొంగిలిస్తే పెద్ద దొంగతనం, ఐదేళ్ళ దాకా జైలు. పశువైనా పందైనా అయితే ఖరీదు ఎంతన్న లెక్కే లేదు. అందుకే దానికి పంది చట్టం అని పేరు పడింది.

ఆకలికి పంది పిల్లను ఎత్తుకొచ్చిన కూలీ ఇక ఫెలన్. 1874లో 272 మంది ఉన్న ఖైదీలు 1877 చివరికి 1,072 మంది అయ్యారు. మూడేళ్ళలో జనం నాలుగింతలు చెడిపోయారా? ఆ ఖైదీలను ప్రభుత్వం పత్తి తోటలకు, రైలు మార్గాల పనులకు అద్దెకిచ్చింది. కొన్న బానిస చస్తే యజమానికి డబ్బు నష్టం. అద్దె ఖైదీ చస్తే ఇంకొకడు వస్తాడు.

తర్వాత ఓటు మీద పడ్డారు. 1890 రాష్ట్ర రాజ్యాంగంలో ఓటు హక్కు పోగొట్టే నేరాల జాబితా రాశారు: లంచం, దొంగతనం, ఇంట్లో చొరబడటం, ఇల్లు తగలబెట్టడం, మోసం, అబద్ధపు సాక్ష్యం, ఫోర్జరీ, అప్పగించిన సొమ్ము కాజేయడం, ఒకరుండగా మరో పెళ్ళి. హత్య లేదు. అత్యాచారం లేదు. మనిషిని చంపినవాడికి ఓటుంది, కోడిని దొంగిలించినవాడికి లేదు! నల్లవాళ్ళు ఎక్కువగా చేస్తారని తాము అనుకున్న నేరాలనే ఏరి పెట్టారని 1896లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే రాసుకుంది, సిగ్గు లేకుండా. హత్య, అత్యాచారం ఆ జాబితాలోకి ఎక్కింది 1968లో. అలా చేర్చారు కాబట్టి పాత మరక పోయిందని 2022లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ జాబితాను నిలబెట్టింది.

మన దగ్గర ఫెలనీ అన్న మాట లేదు. గీత మాత్రం ఉంది. 1955 అంటరానితనం నేరాల చట్టం కింద దళితుణ్ణి బావి దగ్గరికి రానివ్వకపోతే మహా అయితే ఆరు నెలలు, లేదంటే ఐదు వందల లోపు జరిమానాతో సరి. కోర్టు అనుమతితో రాజీ కూడా చేసుకోవచ్చు. కూలి ఆపేస్తామంటే ఊళ్ళో రాజీ ఎలా కుదురుతుందో మీకు చెప్పక్కర్లేదు. అదే కాలంలో దొర కోడిని పట్టుకుపోతే ఐపీసీ 379 కింద మూడేళ్ళ దాకా జైలు.

ఆ రాజీ 1976 సవరణతో పోయింది. కారంచేడు తర్వాత, ఉద్యమాల ఒత్తిడితో వచ్చిన 1989 అట్రాసిటీ చట్టంలో చాలా నేరాలకు ఆరు నెలలు కనీస శిక్ష అయింది. పాత చట్టంలో గరిష్ఠం అదే! పోలీస్ స్టేషన్‌లో ఆ సెక్షన్లు రాయమంటే రైటర్ పెన్ను ఎందుకు ఆగుతుందో, 'చిన్న గొడవే కదా' అని ఎందుకంటారో వచ్చే భాగంలో మాట్లాడుకుందాం.